ఆ గడియ చప్పుడు ఎవరిది?

"తుమ్మిందెవరు?" చీకట్లోంచి మాస్టారు అడిగారు.

ఎవరూ పలకలేదు.

"తుమ్మినవాళ్ళు తమదని చెప్పాలి. లేకపోతే రేపు రికార్డింగ్ వినేటప్పుడు అది దెయ్యం తుమ్మైపోతుంది."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. ఎంతటి మొండివాడి చేతైనా నిజం కక్కించగలనని చెప్పుకు తిరిగే మనిషి, తన తుమ్ము తనదని ఒప్పుకోవడానికి మాత్రం నానా అవస్థా పడ్డాడు.

"నాదే," అన్నాడు చివరికి.

"'ఆ తుమ్ము నాది' అనాలి సార్. పూర్తిగా."

"ఆ తుమ్ము నాది! చాలా?"

నాకు నవ్వాగలేదు. "ఆ నవ్వు నాది మాస్టారూ," అన్నాను.

మాస్టారు టార్చి వెలిగించారు. మేం కూర్చున్నది ఒకప్పటి జైలర్ గది. జైలు మూతపడి చాలా ఏళ్ళయింది. పైకప్పు నుంచి సున్నం పొడిపొడిగా రాలుతూనే ఉంది. నా జుట్టు అసలే నెరిసింది, ఆ పొడికి ఇంకా పండిపోయింది. బల్ల మీద రేకు డబ్బాలో మా అందరి ఫోన్లూ ఉన్నాయి. ఫోన్లు దగ్గరుంటే దెయ్యాల జాడ పట్టే మీటర్లు తప్పు చూపిస్తాయట, అందుకని లోపలికి రాగానే తీసి పెట్టించేశారు.

ఈ మాస్టారు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. దెయ్యాల సంగతి సైన్సు పద్ధతిలో తేలుద్దామని ముగ్గురితో ఒక టీము పెట్టారు. ఆయన, చప్పుళ్ళు రికార్డు చేసే ఒక బావ, మీటర్లు చూసే అతని బావమరిది. బావని అందరూ 'చెవి' అనేవారు. చీమ చిటుక్కుమన్నా ఏ మూల నుంచో చెప్పేవాడట. కిందటి వారం ఇదే జైల్లో, ఇలాంటి చీకట్లోనే, చెవి చీకటికొట్లో ప్రాణాలు వదిలాడు. అతనికి ఆస్తమా. ఇన్‌హేలర్ బ్యాగులో ఉండిపోయింది, బ్యాగు ఈ గదిలో ఉండిపోయింది. చీకటికొట్టు తలుపుకి బయటి నుంచి గడియ పడి ఉంది.

గడియ వేసింది వాచ్‌మన్ అని ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. తెల్లారితే అతన్ని కోర్టులో హాజరుపరుస్తాడు. వాచ్‌మన్ కూతురు నా డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, "మా నాన్న పిరికివాడు మేడమ్. ఒకళ్ళని చంపేంత ధైర్యం ఆయనకెక్కడిది?" అంది. తండ్రిని గురించి గొప్పలు చెప్పకుండా అంత నిక్కచ్చిగా మాట్లాడిన కూతుర్ని నేను చూడలేదు. కేసు తీసుకున్నాను. ఆ రాత్రిలాగే అంతా మళ్ళీ జరిపి చూద్దామని అందర్నీ ఇక్కడికి రప్పించాను, ఆ అమ్మాయిని గేటు దగ్గర కూర్చోబెట్టాను.

ఆ పిరికితనమే వాచ్‌మన్ కొంప ముంచింది. ఆ రాత్రి అతను గేటు దగ్గర నిద్రపోయాడు. ఉద్యోగం ఊడుతుందని భయపడి, లోపలంతా తిరిగి తలుపులన్నీ చూసుకున్నానని పోలీసులకి చెప్పాడు. హత్య కేసు కట్టాక, లేదు బాబూ నిద్రపోయాను అంటే ఎవరు వింటారు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

నేను కుర్చీ మాస్టారి వైపు తిప్పుకున్నాను.

"ఆ రాత్రి మీరెక్కడున్నారు మాస్టారూ?"

"ఈ కుర్చీలోనే అమ్మా. మా పద్ధతే అది. ఎవరి చోట వాళ్ళు, ఒంటరిగా, చీకట్లో. చెవి వాళ్ళ బావమరిది పై అంతస్తులో. చెవి చీకటికొట్లో."

"మీరిక్కడే ఉన్నారని చూసినవాళ్ళు?"

"చీకట్లో ఎవరు చూస్తారమ్మా? అదే మాట మీరు పైనున్న అబ్బాయినీ అడగాలి."

"అడుగుతాను. గడియ పడ్డ చప్పుడు మీకు వినబడిందా?"

"ఇంత దూరం వినబడదు. కొట్టు బయట వరండాలో స్టూలు మీద ఒక రికార్డర్ పెడతాం. అందులో పడింది. తర్వాత విన్నాం."

"ఆ చప్పుడు తర్వాత 'నాది' అని ఎవరూ అనలేదు కదా?"

"అనలేదు." ఆయన గొంతు క్లాసులో పాఠం చెబుతున్నట్టు మారింది. "మావాళ్ళైతే అని తీరతారు. దగ్గినా, కుర్చీ జరిపినా, కడుపులో గుడగుడలాడినా చెప్పాల్సిందే. రూలు పెట్టింది నేనే. ఇప్పుడది రూలు కాదు, ఊపిరి పీల్చినంత అలవాటు. ఈ జైల్లో ఒక వార్డర్ ఉండేవాడట, రోజూ రాత్రి ఆ కొట్టుకి స్వయంగా గడియ వేసేవాడట. నాకు తెలిసింది ఇంతే. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం."

"అంటే దెయ్యం వేసిందంటారు."

"లెక్క తేలని చప్పుడు అంటాను. నేను సైన్సు మనిషినమ్మా."

ఇన్‌స్పెక్టర్ గోడవైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఆ నవ్వుకి చప్పుడు లేదు కాబట్టి బతికిపోయాడు.

బావమరిది పైకి వెళ్ళే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి, నన్ను చూడగానే లేచి, "రండి ఆంటీ," అన్నాడు. ఆ ఒక్క మాటకే లోపలేయించాలనిపించింది.

"మీ బావకీ నీకూ పడేది కాదటగా?"

"ఆయనతో ఎవరికి పడుతుంది? మా అక్కే వేగలేకపోయేది. అన్నం తింటుంటే చెంచా కింద పడితే 'ఆ చెంచా నాది' అనేవాడు. గురకపెట్టి, తన గురకకి తనే లేచి, 'ఆ గురక నాది' అని మళ్ళీ పడుకునేవాడు." నవ్వబోయాడు, నవ్వు సగంలో పాడైపోయింది. "ఇప్పుడు ఇంట్లో చిన్న చప్పుడైనా అక్క తలెత్తి చూస్తోంది ఆంటీ. ఎవరైనా 'నాది' అంటారేమోనని."

అతను కన్నీళ్ళు చొక్కా చేతికి తుడుచుకున్నాడు. అయితే కన్నీళ్ళు కార్చిన హంతకులని నేను చాలామందిని చూశాను.

"ఆ రాత్రి రికార్డింగులు ఎవరి దగ్గరున్నాయి?"

"మొదట నా దగ్గర. వినే ఓపిక లేక రికార్డర్లే మాస్టారికిచ్చేశాను. పోలీసులు అడిగాక ఇద్దరం కలిసే ఇచ్చాం."

"ఈ జైల్లోనే దొరికి మీ టీముకి అంత పేరు తెచ్చిన దెయ్యం గొంతు ఉంది కదా, 'తలుపు తీయండి' అని ఏడుస్తుంది, టీవీల్లో కూడా వేశారు. అది రికార్డు చేసినప్పుడు మీ బావ ఉన్నాడా?"

"లేడు. ఆ రోజు జ్వరం. నేనూ మాస్టారూ వచ్చాం."

"దాని గురించి తర్వాత ఎప్పుడైనా ఏమైనా అన్నాడా?"

అతను తల గోక్కున్నాడు. "పోయే ముందు రోజు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే పదేపదే విన్నాడు. నన్ను పిలిచి, 'జైల్లో ఫ్యాన్ ఎక్కడిదిరా?' అన్నాడు. జైల్లో కరెంటే లేదు, ఫ్యానేంటి బావా అన్నాను. నా మొహంలోకి చాలాసేపు చూశాడు."

నాకు అక్కడ సగం కథ అర్థమైంది. ఆ దెయ్యం గొంతు వెనకాల ఫ్యాను తిరుగుతోంది. అంటే ఎవరి ఇంట్లోనో, ఫ్యాను కింద కూర్చుని, ఎవరో ఏడుపుగొంతు పెట్టి రికార్డు చేశారు. లోకమంతా ఒళ్ళు జలదరించి విన్నది ఆ నాటకాన్ని. చెవికి అది వినబడింది. నాటకం ఆడినవాడు ఇద్దరిలో ఒకడు. ఇద్దరిలో ఎవరన్నది మిగతా సగం.

వరండాలోకి వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టర్ చీకటికొట్టు ముందు నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఒకప్పుడు, నేను పోలీసు శాఖలో ఉండగా, నా కింద పనిచేసినవాడే. అప్పుడూ ఇంతే, అన్నం ఉడక్కముందే విస్తరి వేసుకుని కూర్చునేవాడు.

"మేడమ్, పాఠం మీరు చెప్పిందే. ఉన్నదాన్ని చూడు, లేనిదాన్ని ఊహించుకోకు అనేవారు. గడియ చప్పుడు ఉంది. 'నాది' అన్న మాట లేదు. అంటే వేసింది టీమువాళ్ళు కాదు. టీముకాని మనిషి ఈ కాంపౌండులో ఒక్కడే. లోపలికొచ్చి తలుపులు చూశానని అతనే చెప్పాడు. ఇంకేం కావాలి మీకు?"

నా పాఠం నాకే అప్పజెప్పేసరికి ఒళ్ళు మండింది. పైగా అది మంచి వాదన. మాస్టారి రూలు వాళ్ళిద్దర్నీ కాపాడి, పాపం నిద్రపోయినవాడిని పట్టించింది.

"ఆ చుక్క విను," అన్నాను.

వరండా చివర కప్పు చీలికలోంచి రాతి తొట్టిలోకి నీళ్ళు పడుతున్నాయి. టప్. కాసేపు నిశ్శబ్దం. టప్. మళ్ళీ అంతే నిశ్శబ్దం. గోడ గడియారమంత నిలకడగా పడుతోంది.

"విన్నాను. ప్లంబర్‌ని పిలవాలి."

"రికార్డింగ్ నిండా ఈ చుక్క ఉంది. కూర్చుని మొత్తం విన్నాను. ఎక్కడా తడబడలేదు, ఒక్కచోట తప్ప. గడియ పడింది, దాని వెనకే చుక్క మీద చుక్క పడింది. టప్‌టప్ అని. నీళ్ళకి అంత తొందరేం వచ్చింది?"

అతను గడియారం వదిలి తొట్టి వైపు చూశాడు. తెలివైనవాడే, తొందరపాటు మనిషి అంతే.

"మధ్యలో కత్తిరించారంటారు."

"గడియ చప్పుడు ఉంచారు, టీవీలో వేసుకోవడానికి పనికొస్తుందని. దాని తర్వాతది తీసేశారు. నీ వాచ్‌మనే వేసుంటే తీసేయడానికి అక్కడ మాటేం ఉంటుంది? మాట తీసేశారంటే, మాట అన్నవాడున్నాడు. అలవాటు కొద్దీ 'నాది' అనేసి, తర్వాత నాలుక కరుచుకున్నాడు."

"నీటిచుక్క సాక్ష్యమా మేడమ్? జడ్జిగారి ముందు బకెట్ పెట్టి చూపిస్తారా?"

"చూపించను. అందుకే నాకో గంట కావాలి."

"ఒక్క గంట. తర్వాత నేనెళ్ళి పడుకుంటాను. పొద్దున వాచ్‌మన్ కోర్టుకెళ్తాడు. అందులో మార్పు లేదు."

"నువ్వు గేటు దగ్గర కూర్చో. విజిల్ వినబడితే పరిగెత్తుకురా. వాచ్‌మన్ కూతుర్ని ఇంటికి పంపేశానని అందరిముందూ చెబుతాను, నువ్వు కాదనకు."

"ఆ అమ్మాయి ఎక్కడుంటుంది?"

"ఈ పక్క గదిలో. దానికి తలుపు లేదు. వాళ్ళ నాన్న తాళంచెవితో వెనక దారిన వచ్చి కూర్చుంటుంది, విజిల్ తన దగ్గరే ఉంటుంది. నేను 'అమ్మాయ్' అని పిలిస్తే ఊదుతుంది."

"మీకేమన్నా మతిపోయిందా? సాక్ష్యానికి కావాలంటే నేను దాక్కుంటాను."

"నువ్వు తుమ్ముతావు," అన్నాను.

అతను ముఖం గంటు పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతని బూట్ల చప్పుడు నాలుగు గోడల నుంచీ వచ్చినట్టు వినిపించింది. ఆ వరండాలో ఎవరు ఎటు నడిచినా అంతే. చప్పుడు ఏ వైపుదో చెప్పగలిగినవాడు చెవి ఒక్కడే, అతను లేడు.

మాస్టారినీ బావమరిదినీ జైలర్ గదిలోకి పిలిచి చెప్పాను. "చెవి జేబులో ఎప్పుడూ ఒక చిన్న రికార్డర్ ఉండేదట. శవం దగ్గర అది దొరకలేదు. ఆ కొట్లోనే ఎక్కడో ఉందని నా నమ్మకం. దాన్నింకా ఎవరూ కత్తిరించలేదు. వాచ్‌మన్ కూతుర్ని ఇంటికి పంపేశాను, నేనొక్కదాన్నే వెళ్ళి వెతుకుతాను. మీరిద్దరూ ఆ రాత్రి ఉన్నచోటే ఉండండి. రూలు రూలే, చప్పుడు చేస్తే ఎవరిదో చెప్పండి."

"తప్పకుండా అమ్మా," అన్నారు మాస్టారు.

బావమరిది మొహం పాలిపోయింది. పైకి వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. వీడే, అనుకున్నాను.

చీకటికొట్టు గడియ నా చేయి మందాన ఉన్న ఇనుప కమ్మీ. రెండు చేతులూ వేసి ఎత్తితే గానీ లేవలేదు. తుప్పు రాలి అరచేతులు ఎర్రబడ్డాయి. గాలికి పడేది కాదు, పొరపాటున తగిలితే పడేది అంతకన్నా కాదు. తలుపుకి భోజనం పళ్ళెం పట్టేంత కిటికీ ఒక్కటే ఉంది. లోపల నడుం వాల్చడానికి ఒక రాతి అరుగు, గోడకి కిందుగా సంకెళ్ళు తగిలించే ఇనుప రింగు, మూలలో మురికినీళ్ళు పోయే తూము. ఆ తూములో నీళ్ళు ఎండిపోయి ఏళ్ళయినా కంపు మాత్రం పోలేదు. పోలీసులు ముక్కు మూసుకుని గుమ్మం దగ్గరే ఫోటోలు తీసుకుని ఉంటారు.

అరుగు మీదా కిందా వెతికాను. ఏమీ లేదు. ఆస్తమా మనిషి, ఊపిరందక నేల మీద కూలబడ్డ మనిషి, చేతికి ఏది అందితే అక్కడ దాస్తాడు కదా అని నేనూ నేల మీద కూర్చున్నాను. నా టార్చి అప్పుడు పడింది రింగు మీద. దానికి నల్లటి సన్నని తీగ ముడివేసి ఉంది. రెండో కొస తూములోకి దిగిపోయింది. అది హెడ్‌ఫోన్స్ తీగ.

మెల్లగా లాగాను. తీగ చివర అగ్గిపెట్టెంత రికార్డర్ వేలాడుతూ పైకొచ్చింది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోను. గాలి అందక కొట్టుకుంటున్న మనిషి, తలుపు బాదే శక్తి లేక, మిగిలిన కాస్త ఊపిరీ ఈ ముడి వేయడానికి ఖర్చు పెట్టాడు. తన తర్వాత ఎవరో ఒకరు వింటారని నమ్మాడు. బటన్ నొక్కాను. బ్యాటరీ ఎప్పుడో అయిపోయినట్టుంది, వెలగలేదు.

బయట అడుగుల చప్పుడు. మెట్ల వైపు నుంచి వస్తున్నట్టనిపించింది. రారా అబ్బాయ్, అనుకున్నాను. టార్చి ఆర్పేశాను.

తలుపు మూసుకుంది. ఎత్తిన గడియ దభీమని పడింది. గోడలు దద్దరిల్లాయి, నెత్తిన సున్నం రాలింది. వెంటనే, గుమ్మం అవతల నుంచి, ఎవరూ అడక్కుండానే, మర్యాదగా ఒక మాట వినిపించింది.

"ఆ గడియ నాది."

మాస్టారి గొంతు.

టప్. కాసేపు నిశ్శబ్దం. టప్. ఈసారి మధ్యలో కత్తిరించేవాళ్ళు లేరు.

"ఛ," అన్నారాయన చాలాసేపటికి. "చూశారా అమ్మా. నోటిని కట్టేసుకుందామనుకునే వచ్చాను. అయినా వచ్చేసింది."

"ఆ రాత్రి కూడా ఇలాగే వచ్చిందన్నమాట."

"దొరికిందా అది?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "దొరికింది."

"కిటికీలోంచి ఇచ్చేయండి. గడియ తీసేస్తాను. అతన్నీ ఇదే అడిగాను. ఇచ్చేస్తే వెంటనే తీసేవాణ్ణి, ఒట్టు. ఆ గొంతు నాదని, మా ఇంట్లో ఫ్యాను కింద రికార్డు చేశానని అతనికి తెలిసిపోయింది. నా చేత ఒప్పించి దాంట్లో ఎక్కించాడు. అందరికీ వినిపిస్తానన్నాడు. ఒక్క దొంగ గొంతు కోసం నేను జీవితమంతా చెప్పిన చదువంతా నవ్వులపాలైపోదా?"

"అతనికి ఊపిరాడట్లేదని మీకు వినబడలేదా?"

"నటిస్తున్నాడనుకున్నాను."

కిటికీలోంచి చూశాను. ఆయన టార్చి నేలవైపు ఉంది. రెండో చేతిలో తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టే ఇనుప కడ్డీ ఉంది. ఆయన నిలబడ్డ చోటుకీ తలుపులేని పక్క గదికీ మధ్య చేయి చాపితే అందేంత దూరం. ఇన్‌స్పెక్టర్ ఉన్నది ఆవరణ అవతల గేటు దగ్గర. నేను 'అమ్మాయ్' అని పిలిస్తే విజిల్ మోగుతుంది, ఇన్‌స్పెక్టర్ పరిగెత్తుకొస్తాడు. కానీ అతను వచ్చేలోగా కడ్డీ ఒక్కసారి లేస్తే చాలు. ఇంత ఆలోచించిన నేను, ఈ ఒక్కటీ ఆలోచించలేదు. తండ్రిని విడిపించమని వచ్చిన పిల్లని తెచ్చి ఈయన చేతికందేలా కూర్చోబెట్టాను.

పిలవలేదు. రికార్డర్ని జాకెట్టులో దోపుకున్నాను. ఈయన్ని ఇక్కడే, నా తలుపు ముందే, మాటల్లో పెట్టాలి. ఎంతసేపైనా సరే. గంట అయ్యాక ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూ అయినా నన్ను వెతుక్కుంటూ వస్తాడు.

"ఇస్తాను మాస్టారూ," అన్నాను. "ముందు ఒక్క సంగతి చెప్పండి. వాచ్‌మన్ కోర్టుకి వెళ్తుంటే మీకు నిద్రెలా పడుతోంది?"

ఆయన నోరు తెరిచారు. అంతలో గడియ పడ్డ అదురుకి ఊడిన సున్నం ఇంకో పెల్ల రాలింది. చీకట్లో దగ్గు వినిపించింది. అరచేతిలో నొక్కిపట్టినా ఆగని చిన్న దగ్గు. నాది కాదు.

మాస్టారి టార్చి ఆరిపోయింది.

"ఎవరిది?" అన్నారు. క్లాసులో వెనక బెంచీని అడిగినట్టు అడిగారు. "దగ్గినవాళ్ళు చెప్పాలి."

నేను కిటికీకి నోరు ఆనించాను.

"ఆ దగ్గు నాది మాస్టారూ," అన్నాను.

నీటిచుక్క పడింది. ఇంకొకటి పడింది. తర్వాత ఇనుప కడ్డీ నేల మీద రాసుకుంటూ కదిలిన చప్పుడైంది. అది ఎటు వెళ్తోందో నాకు తెలియలేదు. ఆ చప్పుడు ఎవరిదో ఈసారి ఆయన చెప్పలేదు.